అక్కకి చెప్పకుండా గర్భసంచి తీసేశారు. డాక్టర్ మీద ఎక్కడ కంప్లైంట్ పెట్టాలి?

పొదలకూరు తమ్ముడు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన పల్లె. నేను చెన్నైలో పని చేస్తుంటాను. మా అక్కకి 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నిమ్మకాయల గోడౌన్‌లో కాయలు ఏరే పనికి పోతుంది. సంక్రాంతి తర్వాత నుంచి అక్కకి బ్లీడింగ్ ఎక్కువైంది. నెలలో పది పన్నెండు రోజులు ఆగేది కాదు. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర రెండు నెలలు ఇంజెక్షన్లు వేయించుకుంది. తర్వాత ఆయనే "లోపల గడ్డ ఉన్నట్టుంది, ఆలస్యం చేస్తే క్యాన్సర్‌కి తిరుగుద్ది" అని చెప్పి, తనే ఆటో మాట్లాడి నెల్లూరులో ఒక ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకుపోయాడు.

స్కానింగ్ తీసి, అండాశయం మీద నీటిగడ్డ ఉంది, చిన్న రంధ్రం పెట్టి తీసేస్తాం, రెండు రోజుల్లో ఇంటికి పోవచ్చు అన్నారు. బావ చేత నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. బావకి సంతకం చేయడమే వచ్చు, చదవడం రాదు. అక్క చేత ఏమీ పెట్టించలేదు. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ బయటికొచ్చి "గర్భసంచి కూడా బాగాలేదమ్మా, అన్నీ తీసేశాం, ఇంక ఏ బాధా ఉండదు" అని అమ్మతో చెప్పి వెళ్లిపోయారు. 85 వేలు కట్టాం. బిల్లు 40 వేలకే ఇచ్చారు.

ఇప్పటికి నాలుగు నెలలు. రాత్రిళ్లు అక్కకి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర లేదు. గోడౌన్‌లో కింద కూర్చుంటే లేవలేకపోతోంది. పోయిన వారం నెల్లూరు పెద్దాస్పత్రిలో చూపించాం. అక్కడి మేడమ్ డిశ్చార్జ్ కాగితం చదివి "అండాశయాలు రెండూ తీసేశారు, నీకు తెలుసా అమ్మా?" అని అడిగింది. అక్కకి అప్పుడే తెలిసింది. బయాప్సీ రిపోర్ట్, అంటే తీసిన ముక్కని ల్యాబ్‌లో పరీక్షించిన రిపోర్ట్ ఏదీ అంది. మా దగ్గర లేదు. ఆ ప్రైవేట్ ఆస్పత్రికి పోయి కేస్ షీట్ అడిగితే "అది మా రికార్డు, బయటికి ఇవ్వం" అన్నారు.

ఢిల్లీలో నేషనల్ మెడికల్ కమిషన్ ఉంది, దానికి మెయిల్ పెడితే డాక్టర్ లైసెన్స్ పోతుంది అని ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా? మాకు డబ్బుల కంటే, ఎందుకు తీశారో సమాధానం కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి శీను

తమ్ముడూ, బాధగా ఉంది కానీ ఉన్నమాట చెప్తాను. కమిషన్‌లో ఉండేదీ డాక్టర్లే, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఉండేదీ డాక్టర్లే. వాళ్లలో వాళ్లు చేసుకునే విచారణలో నీకేం వస్తుంది? ఆ టైమూ డబ్బూ అక్క వైద్యానికి పెట్టుకో.

ఒంగోలు రికార్డు రూము

నాయనా, నేను ఒంగోలులోనూ నెల్లూరులోనూ ప్రైవేట్ ఆస్పత్రుల్లో 27 ఏళ్లు మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో పని చేసి రిటైర్ అయ్యాను. డిశ్చార్జ్ అయిన ప్రతి మనిషి కేస్ షీటూ నా చేతుల మీదుగానే అలమరలోకి పోయేది. నీ పోస్టు రెండుసార్లు చదివాను. శీను గారి మాట విని ఆగిపోవద్దు. అయితే మొదటి అడుగు ఢిల్లీ వైపు వేయకు, ఆ ఆస్పత్రి రికార్డు రూము వైపు వెయ్యి.

"మా రికార్డు, ఇవ్వం" అన్నారే, అది తప్పు మాట. డాక్టర్ల ప్రవర్తన మీద అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002లో పెట్టిన నియమాలు ఉన్నాయి. పేషెంటు గానీ, పేషెంటు ఒప్పుకున్న మనిషి గానీ అడిగితే, అడిగినట్టు రాసుకుని 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి అని అందులో ఉంది. ఆస్పత్రిలో చేరిన పేషెంటు రికార్డు వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి అని కూడా ఉంది. 72 గంటల్లో ఇవ్వకపోతే అదే ఒక దుష్ప్రవర్తన కింద లెక్క, దాని మీదే విడిగా కంప్లైంట్ పెట్టొచ్చు. 2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చారు గానీ, అదే నెలలో వాటిని పక్కన పెట్టి మళ్లీ ఈ 2002 నియమాలనే అమల్లో ఉంచారు. కాబట్టి "ఆ రూల్స్ పాతవి" అని కౌంటర్‌లో ఎవరన్నా అంటే నమ్మకు.

నోటితో అడగొద్దు. తెల్లకాగితం మీద అక్క పేరుతో, అక్క సంతకంతో రాయండి. డిశ్చార్జ్ కాగితం పైన ఐ.పి. నంబర్, అంటే ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్ ఉంటుంది, అది వెయ్యండి. చేరిన తేదీ, ఇంటికి పంపిన తేదీ రాయండి. "కేస్ షీట్ ఇవ్వండి" అని ఒక్క మాటతో వదిలేస్తే పైన నాలుగు కాగితాలు జిరాక్స్ తీసి ఇస్తారు. అందుకని పేరుపేరునా అడగాలి. అడ్మిషన్ షీట్, స్కానింగ్ రిపోర్ట్, కన్సెంట్ ఫారం, మత్తు డాక్టర్ రాసిన షీట్, ఆపరేషన్ నోట్స్, నర్సుల నోట్స్, బయాప్సీ రిపోర్ట్, కట్టిన డబ్బుకి రసీదులు. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు స్టాంపూ తేదీ టైమూ వేయించుకోండి. వేయం అంటే గొడవపడొద్దు. పోస్టాఫీసుకి పోయి, ముట్టినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్ట్ చెయ్యండి. ఆ రుజువు దాచుకోండి.

నర్సుల నోట్స్ ఎందుకు అంటున్నానో చెప్తాను. డాక్టర్లు రాసేది చాలాసార్లు సాయంత్రం, తీరిక దొరికాక. డ్యూటీలో ఉన్న నర్సు మాత్రం గంట గంటకీ రాస్తుంది. "గడ్డ ఆపరేషన్‌కి పేషెంటుని సిద్ధం చేశాం" అని పొద్దున ఏడింటికి ఒక నర్సు రాసి ఉంటే, అప్పటిదాకా గర్భసంచి మాట లేదని ఆ ఒక్క లైనే చెప్తుంది. అలాంటి లైన్లు నేను చాలా చూశాను.

ఇక కన్సెంట్ ఫారం. ఆపరేషన్‌కి ముందు రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలని ఆ నియమాల్లోనే ఉంది. భర్త సంతకం పనికిరాదని ఆ నియమం చెప్పదు, వాళ్లు దాన్నే చూపిస్తారు. నువ్వు చూపించాల్సింది 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, సమీరా కోహ్లీ కేసు. ఆవిడ ఢిల్లీలో 44 ఏళ్ల మనిషి. లోపల ఏముందో గొట్టం వేసి చూస్తామని మత్తిచ్చారు. ఆవిడ మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. తెలివిలో, వయసులో ఉన్న మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదంది కోర్టు. పరీక్షకి ఇచ్చిన ఒప్పుదల వైద్యానికి రాదు, ఒక ఆపరేషన్‌కి ఇచ్చింది ఇంకోదానికి రాదు అంది. అప్పటికప్పుడు చేయకపోతే ప్రాణం పోతుందన్నప్పుడు తప్ప. డాక్టర్‌కి ఫీజు దక్కకుండా చేసి, పైన 25 వేలు ఆవిడకి ఇప్పించారు. డబ్బు చిన్నదే. ఆ మాట మాత్రం మీ అక్క కేసుకి ప్రాణం.

ఇప్పుడు కమిషన్ సంగతి. పాత మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తీసేసి, 2019 చట్టంతో నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టారు. 2020 సెప్టెంబర్ 25 నుంచి అది పని చేస్తోంది. దాని కింద నాలుగు బోర్డులు. కాలేజీలవీ సీట్లవీ మూడు. డాక్టర్ల నడవడిక, రిజిస్టర్ చూసేది నాలుగోది, ఎథిక్స్ బోర్డు. కానీ డాక్టర్ మీద ఫిర్యాదు మొదట వినాల్సింది రాష్ట్ర కౌన్సిల్. మనకి విజయవాడలో ఉన్న ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్. ఢిల్లీ దాని పైది. ముందే ఢిల్లీకి రాస్తే, రాష్ట్రానికి పొమ్మంటారు, నెలలు పోతాయి.

కౌన్సిల్ చేతిలో ఉన్నది డాక్టర్ పేరు. ఆ పేరు రిజిస్టర్‌లో ఉంటేనే వైద్యం చేయొచ్చు. తప్పు తేలితే హెచ్చరించొచ్చు, కొంతకాలం పేరు తీసేయొచ్చు, పూర్తిగా కొట్టేయొచ్చు. విచారణ జరిగేటప్పుడు ఆ రకం ఆపరేషన్లు చేయకుండా ఆపే అధికారం కూడా ఉంది. డాక్టర్‌ని పిలిచి అతని మాట కూడా వినాలి, లాయర్‌ని పెట్టుకోవచ్చు. ఆరు నెలల్లో తేల్చాలని నియమం. ఆలస్యమైతే అప్పుడు ఢిల్లీకి రాయి. తేల్చమని అడగడానికీ, కేసుని పైకి తీసుకోవడానికీ వీలుంది. మీకు నష్టపరిహారం ఇప్పించే పని కౌన్సిల్‌ది కాదు, జైలుకి పంపే పనీ దానిది కాదు. "ఎందుకు తీశారో సమాధానం కావాలి" అన్నావు చూడు, అది డాక్టర్ చేత చెప్పించగల చోటు అదే. బయాప్సీ ఎందుకు పంపలేదు, 34 ఏళ్ల మనిషికి రెండు అండాశయాలూ ఎందుకు తీశావు అని ఇంకో గైనకాలజిస్టు అడిగితే, మనకి చెప్పినట్టు "బాగాలేదమ్మా" అని చెప్పి వెళ్లిపోలేరు.

కంప్లైంట్‌లో ఆస్పత్రి పేరు ఒక్కటే రాస్తే నిలవదు. కౌన్సిల్ ఆస్పత్రిని విచారించదు, డాక్టర్‌ని విచారిస్తుంది. డాక్టర్ పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ కావాలి. చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బు రసీదు మీద కూడా ఆ నంబర్ ఉండాలని నియమం. కమిషన్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ ఉంటుంది, పేరు కొట్టి చూడు. బోర్డు మీద రాసుకున్న పెద్ద డిగ్రీ అక్కడ ఉందా లేదా కూడా చూడు. ఆస్పత్రి మీద అయితే జిల్లా వైద్యాధికారికి, అంటే డి.ఎం.హెచ్.ఓ.కి రాయాలి. ప్రైవేట్ ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రానికి 2002 నాటి చట్టం వేరే ఉంది.

ఆర్.ఎం.పి. గురించి కూడా చెప్పాలి. మన పల్లెల్లో ఆ మూడక్షరాల అర్థం తిరగబడిపోయింది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే చట్టంలో రిజిస్టర్‌లో పేరున్న అసలు డాక్టర్. మనం రిజిస్టర్‌లో లేనాయన్ని ఆర్.ఎం.పి. అంటాం. మీ ఊరాయన పేరు అందులో లేకపోతే కౌన్సిల్ ఆయన్ని ఏమీ చేయలేదు. కొట్టేయడానికి పేరు ఉండాలి కదా. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే పేషెంటుని తెచ్చినందుకు కమిషన్ డబ్బులు ఇవ్వడం, తీసుకోవడం రెండూ డాక్టర్‌కి నిషేధం. 85 వేలు కడితే 40 వేలకే బిల్లు ఇచ్చారు అన్నావు. మిగతా 45 వేలు ఎక్కడికి పోయాయో నేను చెప్పలేను. ఆ లెక్క అడగమని కంప్లైంట్‌లో ఒక పేరా రాయి. ఆటో మాట్లాడి తీసుకొచ్చింది ఎవరో కూడా రాయి.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలికి 29వ ఏట గర్భసంచి తీసేశారు. మాది పొదిలి దగ్గర. పొగాకు బ్యారన్ల పనికి పోయే పిల్ల. నేను పని చేసే ఆస్పత్రిలోనే, నాకు తెలిసిన డాక్టరే. డిశ్చార్జ్ అయ్యాక ఆ కేస్ షీట్ నా బల్ల మీదికే వచ్చింది. బయాప్సీ పంపినట్టు ఒక్క ముక్క లేదు. ఎందుకు తీశారు అన్నచోట "క్యాన్సర్ భయం" అని రాసి ఉంది. నేను చదివాను, నంబర్ వేశాను, అలమరలో పెట్టాను. అడగలేదు. ఉద్యోగం పోతుందని భయం. చెల్లెలికి నలభై రాకముందే నడుము వంగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. మన ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో అవసరమై చేయించుకున్నవాళ్లూ ఉంటారు. కానీ మా చెల్లెలి లాంటి షీట్లు నేను ఎన్ని సర్దానో నాకు తెలుసు.

కావలి శీను

అమ్మా, మీరు చెప్పిందాంట్లో నాకు కొత్త సంగతులు చాలా ఉన్నాయి. ఒక్కటి అడుగుతాను. కౌన్సిల్ "డాక్టర్ తప్పు లేదు" అని తేలిస్తే పైకి పోవడానికి పేషెంటుకి దారి ఉందా? నేను విన్నది లేదని.

ఒంగోలు రికార్డు రూము

మంచి ప్రశ్న అడిగావు శీనూ. 2019 చట్టం 30వ సెక్షన్‌లో, రాష్ట్ర కౌన్సిల్ చర్య మీద ఎథిక్స్ బోర్డుకి అప్పీల్ చేసుకోవచ్చని డాక్టర్‌కే రాశారు. పేషెంటు మాట అక్కడ లేదు. 2002 నియమాల్లో మాత్రం, నిర్ణయం వల్ల బాధపడ్డ ఎవరైనా 60 రోజుల్లో పైకి అప్పీల్ చేసుకోవచ్చని ఉంది. ఈ రెంటి మధ్య పేషెంట్లు నలుగుతున్నారు. శరీరం పోగొట్టుకున్న మనిషికి అప్పీల్ హక్కు చట్టంలోనే స్పష్టంగా ఉండాలి. ఇది నేను గట్టిగా అంటాను. అలాగని మొదటి మెట్టే ఎక్కకుండా కూర్చుంటే ఎట్లా? తేదీ మాత్రం మర్చిపోవద్దు. కాగితం చేతికి వచ్చిన రోజు క్యాలెండర్ మీద రాసుకోవాలి.

తమ్ముడూ, డబ్బు సంగతి నువ్వు వద్దనుకున్నా నేను చెప్తాను. అక్క ఇంక కింద కూర్చుని పని చేయలేకపోతే ఇల్లు గడవాలి. నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఆ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండేళ్లలోపు వేయాలి. మీరు ఆస్పత్రికి కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. కౌన్సిల్‌లోనూ ఇక్కడా రెండు చోట్లా వేసుకోవచ్చు. ఒకదానికొకటి అడ్డం కాదు.

దర్శి వైపు డాక్టర్

నేను ప్రకాశం జిల్లాలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. అమ్మ రాసింది చదివి రాయాలనిపించింది.

బ్రదర్, ముందు అక్క ఆరోగ్యం. 34 ఏళ్లకి రెండు అండాశయాలూ పోతే ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిర్లు, నిద్ర లేకపోవడం దానివల్లే. అవి కొన్నాళ్లకి తగ్గినా, ఎముకలు పలచబడటం, గుండె జబ్బు రిస్కు లోపల లోపల పెరుగుతాయి. ఇలాంటివాళ్లకి ఏ అడ్డంకీ లేకపోతే మామూలుగా నెలసరి ఆగిపోయే వయసు దాకా, అంటే దాదాపు 50 ఏళ్ల వరకు హార్మోన్ మందు ఇస్తారు. పెద్దాస్పత్రి గైనిక్ ఓపీలో ఈ మాట అడగండి. బయాప్సీ రిపోర్ట్ అక్కడా అవసరమే, ఎందుకంటే లోపల ఏముందో తెలియకుండా హార్మోన్ మొదలుపెట్టడానికి ఆలోచిస్తారు. ఆర్.ఎం.పి. కాల్షియం ఇంజెక్షన్లతో సరిపెట్టొద్దు.

ఇంకో మాట, డాక్టర్‌గా. ఆపరేషన్ తర్వాత ఇబ్బంది వచ్చినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు, కౌన్సిల్ కూడా అలా చూడదు. నిర్లక్ష్యం చాలా తీవ్రమైతేనే క్రిమినల్ కేసు అని, పోలీసులు ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో ఉంది. అందుకని "మా అక్క జీవితం నాశనం చేశారు, ఉరి తీయండి" అని రాస్తే ఉపయోగం లేదు. ప్రశ్నలుగా రాయండి. బ్లీడింగ్‌కి ముందు మాత్రలు ఎన్ని నెలలు వాడి చూశారు? గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపారా? గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేయొచ్చని చెప్పారా? గడ్డ ఒక వైపు ఉంటే రెండో అండాశయం ఎందుకు తీశారు? వీటికి కేస్ షీట్‌లో జవాబు ఉండాలి. ఉంటే ఆ డాక్టర్ బయటపడతారు, అది న్యాయమే. లేకపోతే అదే మీ కేసు.

పొదలకూరు తమ్ముడు

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. శనివారం సెలవు పెట్టి వచ్చాను. రికార్డు రూము అమ్మ చెప్పినట్టే అక్క సంతకంతో కాగితం రాసి తీసుకుపోయాం. కౌంటర్‌లో స్టాంప్ వేయమంటే మేనేజర్‌ని పిలిచారు. 2002 నియమం, 72 గంటలు అని కాగితంలోనే రాసి ఉంది కదా, ఆయన రెండుసార్లు చదివి స్టాంప్ వేశాడు. మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేసి రమ్మన్నారు. మొత్తం 31 పేజీలు ఇచ్చారు.

బయాప్సీ రిపోర్ట్ లేదు. ల్యాబ్‌కి పంపినట్టు చీటీ కూడా లేదు. నర్సు నోట్స్‌లో పొద్దున 6:40కి "కుడి వైపు నీటిగడ్డ, ల్యాప్రోస్కోపీకి రెడీ" అని ఉంది, అంటే చిన్న రంధ్రం ఆపరేషన్‌కి అని పెద్దాస్పత్రి మేడమ్ చదివి చెప్పింది. కన్సెంట్ ఫారంలో బావ సంతకం ఒక్కటే. ఫారం అంతా ఒక పెన్నుతో నింపారు. ఆపరేషన్ పేరు రాసే గీత మీద నీటిగడ్డ అన్న మాట తర్వాత "ఇంకా గర్భసంచి, రెండు అండాశయాలు" అని వేరే పెన్నుతో, సన్నగా, గీత దాటి మార్జిన్‌లోకి రాశారు. బావకి చూపిస్తే తను సంతకం పెట్టినప్పుడు అక్కడ అంత రాత లేదంటున్నాడు. అక్క ఆ కాగితం చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది" అంది. ఇప్పుడేం చేయాలమ్మా?

ఒంగోలు రికార్డు రూము

ఆ 31 పేజీల మీద పెన్ను పెట్టొద్దు, పిన్ను కొట్టొద్దు. మూడు సెట్లు జిరాక్స్ తీయించు, ఇవి బీరువాలో పెట్టు. వాళ్లు ఇచ్చిన కవరూ, దాని మీద తేదీ కూడా దాచు. బయాప్సీ రిపోర్ట్ ఇవ్వలేదని, ఉంటే ఇవ్వమని, లేకపోతే లేదని రాసివ్వమని రేపే ఇంకో కాగితం పెట్టు. బావ ఏం చూశాడో, ఎవరు సంతకం పెట్టించారో, ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో మర్చిపోకముందే ఈ రాత్రి కూర్చోబెట్టి రాయించు. కంప్లైంట్ మాత్రం అక్క పేరుతోనే, అక్క చెప్పిన మాటలతోనే ఉండాలి. ఇప్పుడన్న ఆ మాట మొదటి పేరాలో రాయి. డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, నేనూ డాక్టర్ గారూ చూస్తాం. పైగా సోమవారం నేను నెల్లూరు వస్తున్నాను. అక్కకి ఇష్టమైతే వినియోగదారుల కమిషన్ ఆఫీసుకి తోడు వస్తాను.